అడవికోడిని తెమ్మని అడిగేవాళ్లకు

పని మీద హైదరాబాదు వస్తే భద్రాచలం బస్సు దిగేది గౌలిగూడ దగ్గరి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోనే. అక్కడ హోటల్లోనో లాడ్జిలోనో మాది ఏజెన్సీ అని చెబితే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, మీ దగ్గర అడవికోళ్లు ఉంటాయట కదా, ఈసారి ఒకటి తేరాదు?" నవ్వుతూనే అడుగుతారు. కోయోళ్లు కనబడిందల్లా కొట్టుకు తింటారనే మాట ఆ నవ్వులో ఉంటుంది.

వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీ వీధి చికెన్ సెంటర్ జాలీలో ఉన్నది అడవికోడి సంతానమే. ప్రపంచంలో పెంపుడు కోళ్లన్నిటికీ ముఖ్యమైన మూలం ఎర్ర అడవికోడి. కోడి చర్మానికి, కాళ్లకు పసుపు రంగు తెచ్చే జన్యువు మాత్రం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ పక్షి మన దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎర్రది గోదావరికి ఉత్తరాన, బూడిదరంగుది దక్షిణాన అని పక్షుల పుస్తకాలు స్థూలంగా హద్దు గీస్తాయి. ఆ గోదావరి పక్కనే మా గూడేలు.

ఇప్పుడు దానికి రెండు గండాలు. ఒకటి ఉచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, చంపడం నేరం. తెమ్మన్నవాడు పట్నంలో చల్లగా ఉంటాడు, నాలుగు డబ్బులకు ఆశపడి ఉచ్చు వేసిన మా పిల్లవాడు కేసులో ఇరుక్కుంటాడు. రెండోది, అడవి అంచున మేసే ఊరి కోళ్లతో కలిసి దాని జాతి పలచబడడం. ఉచ్చు కనబడుతుంది, ఇది కనబడదు.

అందుకే బడిలో పిల్లలకు అడవికోడిని గుర్తుపట్టడం నేర్పుతాను. నిజానికి సగం వాళ్లే నాకు చెబుతారు. పెట్ట ఎండుటాకు రంగులో ఉంటుంది, తలమీద జుట్టు కనబడీ కనబడనట్టు ఉంటుంది. ఎర్ర పుంజుకు జతకట్టే కాలం అయిపోయాక మెడమీది పొడుగు ఈకలు రాలి నల్లటివి వస్తాయి. వెదురు గింజలు, చెదలు ఏరుకు తింటుంది. కూత తేడా ఏమిటని అడిగితే మూడో తరగతి పిల్ల చెప్పింది: "ఊరికోడి కూతకు తోక ఉంటది సార్, అడవికోడి కూతకు ఉండదు." సరిగ్గా అంతే. అది కూసి టక్కున ఆపేస్తుంది.

ఈ పిల్లలు పెద్దయ్యాక వాళ్లనూ ఎవరో అడుగుతారు, ఒకటి పట్టుకురమ్మని. తేమని చెప్పడమే కాదు, ఎందుకు తేమో కూడా వాళ్లు చెప్పగలగాలి.