సగటు చెప్పని సంగతులు

విశాఖపట్నంలో క్రికెట్ గణాంకాలు వినాలంటే స్టేడియం దాకా వెళ్లనక్కరలేదు. పూర్ణా మార్కెట్‌లో ఏదైనా కొట్టు ముందు పావుగంట నిలబడితే చాలు. చేయి ఉల్లిపాయలు తూస్తూనే ఉంటుంది, నోరు మాత్రం ఫలానా ఆటగాడి సగటెంత, శతకాలెన్ని అని ఏకరువు పెడుతుంది. అంకెల మధ్యనే వృత్తిజీవితం గడిపినవాణ్ణి కనుక ఆ లెక్కలు నాకూ ఇష్టమే. అయితే పాఠక మిత్రులారా, సగటు అనే అంకెను కాస్త అనుమానంగా చూడడం మంచిది.

2005 ఏప్రిల్ 5న మన పోతినమల్లయ్యపాలెం మైదానంలో భారత్, పాకిస్తాన్ జట్లు తలపడ్డాయి. అక్కడ జరిగిన తొలి అంతర్జాతీయ పోటీ అదే. మూడవ స్థానంలో బ్యాటింగుకు దిగిన మహేంద్రసింగ్ ధోనీ అంతకుముందు ఆడిన నాలుగు వన్డేలలో చేసిన పరుగులు వరుసగా 0, 12, 7, 3. ఏడు చేసిననాడు నాటౌట్ కనుక మొత్తం 22 పరుగులను మూడుతోనే భాగించాలి. సగటు 7.33. ఆనాడు అతడు 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు, భారత్ 58 పరుగులతో గెలిచింది. ఒక్క ఇన్నింగ్స్‌తో సగటు 42.50కి ఎగబాకింది! నాలుగు ఇన్నింగ్సులు చూసి ఆటగాణ్ణి తేల్చలేనట్లే, హడావిడిగా మెట్లెక్కి వచ్చి ఒక్కసారి చూపించుకున్న రక్తపోటుతో జబ్బును తేల్చలేము.

ఇక ఎన్నో ఏళ్లు ఆడిన తరువాతి లెక్క చూడండి. ధోనీ వన్డేలలో 297 ఇన్నింగ్సులు ఆడి 10,773 పరుగులు చేశాడు, సగటు 50.57. అందులో 84 సార్లు నాటౌట్. ఇన్నింగ్సుల సంఖ్యతోనే భాగిస్తే 36 పైచిలుకు వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. ముగియని ఇన్నింగ్స్‌ను భాజకంలో కలపకపోవడం ఆ ఆట నియమం. కానీ దేనిని దేనితో భాగించారో తెలియకుండా యాభైకి చప్పట్లు కొడితే ఎలా?

మధుమేహ రోగులకు ఇటువంటి అంకె ఒకటి ఉంది, హెచ్‌బిఎ1సి. సుమారు మూడు నెలల రక్తచక్కెరకు అది సగటు. ఏడు శాతం వస్తే సగటు చక్కెర దాదాపు 154 ఉన్నదని అర్థం. రోజంతా 150 దరిదాపుల్లో ఉన్నవారికీ 154 వస్తుంది. ఒక పూట 60కి పడిపోయి, మరో పూట 248కి ఎగసినవారికీ అదే 154 వస్తుంది. (రక్తహీనత ఉన్నవారిలో ఆ పరీక్షే దారి తప్పవచ్చు. అది వేరే కథ.)

పూర్ణా మార్కెట్ వ్యాపారి ఒకరు, డెబ్భైకి దగ్గరపడినవారు, ఏడు శాతం రిపోర్టును పరీక్షలో వచ్చిన మార్కులలా నాకు చూపించారు. పక్కనున్న కుమారుడు మాత్రం, "నాన్నగారు పది గంటలయ్యేసరికి చెమటలు పట్టి తూలిపోతున్నారండీ, మొన్న బస్తాల మీద పడ్డారు" అన్నాడు. విచారిస్తే, తెల్లవారకముందే కొట్టు తెరిచి, గ్లిమిపిరైడ్ మాత్ర వేళకు మింగేస్తారు. టిఫిన్ మాత్రం బేరాలు సద్దుమణిగాక పదకొండుకు! పది గంటలప్పుడు గ్లూకోమీటరుతో చూపించమన్నాను. 58 ఉంది. ఆ పతనాన్ని మధ్యాహ్న భోజనం తరువాతి పెరుగుదల సగటులో పూడ్చేస్తోంది.

ఈ తరహా మాత్రలు వాడేవారు మొదటి భోజనాన్ని వాయిదా వేయరాదు. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోవాలి, ఆపై ఏదైనా తినాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఈ మాత్రల వల్ల పడిపోయిన చక్కెర ఒకసారి కోలుకున్నా మళ్లీ పడిపోవచ్చు. అలాగని మాత్రను సొంతంగా మానేయవద్దు, మీ వైద్యునికి చెప్పండి. వయసు మీరి, ఇతర జబ్బులు కూడా ఉన్నవారికి ఎనిమిది దాకా ఉన్నా మేము సాధారణంగా సమ్మతిస్తాము.

ఆ వ్యాపారికి మోతాదు తగ్గించి, మాత్రను టిఫిన్‌తో ముడిపెట్టాను. ఇప్పుడు ఇంటినుంచి ఏడింటికే క్యారేజీ వస్తోంది. మూడు నెలలకు రిపోర్టు 7.4 అయింది. సగటు పాడైందని ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. కుమారుడు మాత్రం ఆ అంకెను అడగనే లేదు. నాన్నగారు మళ్లీ పడలేదని చెప్పి వెళ్లాడు.