సిరొంచ ఎంత దూరం?

నాగపూరు నుండి హైదరాబాదుకు విమానం గంట పైచిలుకులో చేరును. ఆ దారికి తూర్పుగా, ప్రాణహిత ఒడ్డున మా సిరొంచ ఉన్నది. మేము మాత్రం దూరాన్ని ఏటితోనే కొలిచేవాళ్ళము. ఎదుట కాళేశ్వరం కంటికి ఆనుతూనే ఉండేది. గోదావరి పొంగి పడవ ఆగితే మాత్రం, శుభలేఖ అందిన పెండ్లికి కూడ వెళ్ళలేకపోయేవాళ్ళము.

2016 చివర వంతెన తెరిచారు. ఇప్పుడు ఆవలి ఒడ్డు చుట్టాలు పూటలో వచ్చిపోతున్నారు. జిల్లా కచేరీ దూరం మాత్రం తరుగలేదు. 1982లో చంద్రపూరు నుండి విడివడిన గడ్చిరోలి జిల్లాలో మాది దక్షిణపు కొస. జిల్లా కేంద్రానికి ఆలాపల్లి అడవి మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. ఇంట తెలుగు, అర్జీలో మరాఠీ. ఒక్క సంతకానికి రెండు రోజులు.

కాళేశ్వర దర్శనానికి వచ్చే పాఠకులు వంతెన దాటి, ఒక పూట మా ఊరు కూడ చూచి పోవలెనని మా కోరిక.