మాత్ర ముందు, ముద్ద వెనక

"డాక్టరుగారూ, షుగరు మాత్ర తిండికి ముందు వేసుకోవాలా, తర్వాతా?" అని రోజూ ఎంతోమంది అడుగుతారు నన్ను. "ముందు" అని ఒక్క ముక్క చెప్పి, చీటీ చేతిలో పెట్టి పంపేస్తూ వచ్చాను ఇన్నేళ్ళూ. ఆ ఒక్క ముక్కలో ఎంత ప్రమాదం దాగివుందో యాభై యేడేళ్ళ వయసులో, పోలండు దేశంలో, ఒక హోటలు బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఆ పాఠం మీకూ పనికొస్తుందని ఈ వారం చెబుతున్నాను.

నాకు మధుమేహం ఉంది. దాచుకోవడం ఎందుకు? డాక్టర్లకు జబ్బులు రావని ఏ శాస్త్రంలోనూ లేదు. తొమ్మిదేళ్ళుగా మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. కిందటేడు అక్టోబరులో సెలవు పెట్టి నేనూ, మా ఆవిడా వార్సా వెళ్ళాం. మా అమ్మాయీ, అల్లుడూ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. "నాన్నా, శనివారం రాత్రి మిమ్మల్నిద్దర్నీ కొత్త తరహా పోలిష్ హోటలుకు తీసుకెళతాం. నెల ముందే బల్ల చెప్పి ఉంచాం" అంది అమ్మాయి.

ఆ హోటళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. పోలండులో 1976లో పంచదారకూ, 1981లో మాంసానికీ రేషను కార్డులు పెట్టారు. మాంసం రేషను 1989 దాకా సాగింది. ఆ ఇక్కట్లు తీరాక కొత్త తరం వంటవాళ్ళు వచ్చారు. అమ్మమ్మలు వండిన బీటుదుంపలూ, క్యాబేజీ ఊరగాయా, అడవి పుట్టగొడుగులూ, రై రొట్టే తీసుకుని, వాటినే కొత్తగా, చిన్న చిన్న వడ్డనలుగా పెట్టడం మొదలుపెట్టారు. 2013లో వార్సాలోని 'అతెలియే అమారో'కు మిషెలిన్ నక్షత్రం దక్కింది. పోలండులో అదే మొట్టమొదటిది. మేము వెళ్ళింది అక్కడికి కాదు. అదే దారిలో నడిచే మరో చోటికి. ఏడు వడ్డనలు, రెండున్నర గంటల భోజనం!

ఇక నా ఘనకార్యాలు వినండి. "రాత్రి విందుంది కదా, పొట్ట ఖాళీగా ఉంచుకుందాం" అని మధ్యాహ్నం భోజనం మానేసి ఒక ఆపిలు తిన్నాను. సాయంత్రం వాజెంకి పార్కులో షోపాన్ విగ్రహాన్నీ, తిరుగాడే నెమళ్ళనూ చూస్తూ మూడు గంటలు నడిచాను. రాత్రి ఎనిమిదికి హోటల్లో కూర్చోగానే, అలవాటు ప్రకారం, మాత్రలు మింగాను. "భోజనానికి ముందు" కదా!

మొదట వేడివేడి రై రొట్టె, వెన్న తెచ్చిపెట్టారు. "ఇవి మన శత్రువులు" అని పెద్ద డాక్టరులా పక్కకు నెట్టేశాను. తర్వాత హెరింగ్ అనే ఉప్పుచేప వచ్చింది. రూపాయి బిళ్ళంత ముక్క, దానిమీద చిటికెడు ఆపిలు తురుము. మరో ఇరవై నిమిషాలకు బార్ష్చ్ వచ్చింది. అంటే బీటుదుంపలు పులియబెట్టి కాచిన చారు. కెంపు రంగు, మన చారులాంటి పులుపు. నాలుగు చెంచాలకే అయిపోయింది. మన పెళ్ళి పంక్తిలో అయితే ఈపాటికి అన్నం, పప్పు అయి పులుసు దగ్గరకు వచ్చేవాళ్ళం!

మూడో వడ్డనకు, వడ్డించే కుర్రాడు పుట్టగొడుగుల పుట్టుపూర్వోత్తరాలు చెబుతున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి గాని మాటలు నా బుర్రకు ఎక్కడంలేదు. బయట చలి, నా చొక్కా కాలరు మాత్రం తడిసిపోయింది. చేతిలో చెంచా పళ్ళేనికి టకటక కొట్టుకుంటోంది. "ఎంతసేపయ్యా ఈ హరికథ!" అని తెలుగులోనే కసిరాను.

"ఏమిటండీ ఆ కోపం?" అంది మా ఆవిడ.

"నాన్నా, నీకు చెమటలు పడుతున్నాయి" అంది అమ్మాయి.

"హాలు వేడిగా ఉంది" అన్నాను నేను.

చూశారా! ఎదుటివాడికైతే గుమ్మంలోంచే పసిగట్టే జబ్బు లక్షణం, ఒంటిమీదికి వస్తే ముప్ఫై ఏళ్ళ అనుభవానికీ అందలేదు. చక్కెర తగ్గినప్పుడు మెదడుకు ఆహారం తగ్గుతుంది. ఆలోచించవలసిన మెదడే ఆకలితో ఉంటే ఇక ఆలోచించేది ఎవరు? అంచేత పక్కనున్నవాళ్ళకు తెలిసి ఉండాలి. మా ఆవిడ చేతిసంచీలోంచి మిషను తీసి వేలిమీద పొడిచింది. 54!

అల్లుడు కంగారుగా "మామయ్యగారూ, నా దగ్గర చాక్లెట్టుంది" అన్నాడు. చాక్లెట్టులో కొవ్వు ఉంటుంది. కొవ్వు చక్కెరను త్వరగా ఒంటికి పట్టనివ్వదు. అమ్మాయి పంచదార అడిగి, నాలుగు చిన్నచెంచాలు నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకు మళ్ళీ చూస్తే 81. చేతి వణుకు తగ్గింది. సిగ్గు మొదలైంది.

సంగతి తెలియగానే ఆ కుర్రాడు లోపలికి పరుగెత్తి, వరస మార్చి, పియెరోగి ముందుగా తెచ్చాడు. మన కజ్జికాయ ఆకారంలో ఉండి, లోపల బంగాళాదుంప, పాలవిరుగు కూరి, నీళ్ళలో ఉడికించిన పదార్థం అది. శత్రువని నెట్టేసిన రొట్టెను కూడా నేనే దగ్గరకు లాక్కుని రెండు ముక్కలు తిన్నాను. తర్వాత జూరెక్ వచ్చింది. రై పిండిని నీళ్ళలో నాలుగైదు రోజులు పులియబెట్టి, ఆ పులుపుతో కాచే చారు. మా నాయనమ్మ తరవాణి కుండ గుర్తుకొచ్చింది. పొట్టు తీయని ధాన్యాలు, పులిసిన పదార్థాలు, కొద్దికొద్దిగా, నమిలి నమిలి తినడం. నిజానికి అది మంచి భోజనమే. ఉప్పుచేప, ఊరగాయలు మాత్రం రక్తపు పోటు ఉన్నవాళ్ళు రుచి చూసి వదలాలి. తప్పు ఆ భోజనానిది కాదు, నాది. "నాకు షుగరు, మాత్ర వేసుకుంటాను" అని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్ళే తగినట్టు వడ్డించేవారు. చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గ్లిమిపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది గనుక అర్ధరాత్రి ఒకసారి, మూడింటికి ఒకసారి రక్తం చూసుకున్నాను. మధ్యలో ఒక ముసలమ్మ గుర్తుకొచ్చింది. కొన్నేళ్ళ కిందట ఏకాదశినాడు స్పృహ లేకుండా మా ఆసుపత్రికి తెచ్చారు. మాత్ర వేశారు, ఉపవాసం ఉంది. గ్లూకోజు ఎక్కించాక తేరుకుంది. "తిండి పెట్టకుండా మాత్ర ఎలా వేశావయ్యా?" అని ఆమె కొడుకును అందరిముందూ కేకలేశాను. "తమరే కదండీ, ముందు వెయ్యమన్నారు" అన్నాడతను. అప్పుడది తలపొగరుగా తోచింది నాకు. ఎంత న్యాయమైన మాటో వార్సాలో తెలిసింది.

తిరిగి వచ్చాక మా ఓ.పీ.లో ఒక పని చేశాను. పరగడుపు రక్తపరీక్షకు వచ్చే షుగరు రోగులు కొందరు ఇంటిదగ్గరే మాత్ర మింగి, పది గంటలదాకా వరసలో నిలబడుతున్నారు. నా విందు కథే, విందు లేకుండా! ఇప్పుడు వాళ్ళ రక్తం ముందుగా తీయిస్తున్నాను. "పరీక్ష అయ్యాకే మాత్ర, మాత్ర వెంటనే టిఫిను" అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాను.

మీరు గుర్తుంచుకోవలసినవి ఇవి:

మాత్ర గడియారాన్ని చూసి కాదు, కంచాన్ని చూసి వేసుకోండి. విందైనా, పెళ్ళైనా, రైలు ప్రయాణమైనా, కడుపు నింపే తిండి కంటికి కనబడ్డాకే మాత్ర. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలతోనూ, ఇన్సులిన్‌తోనూ ఈ జాగ్రత్త తప్పనిసరి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

రాత్రి విందుందని పగలు పస్తుండకండి. ఎక్కువ నడిచిన రోజున మరింత జాగ్రత్త. ఖాళీ కడుపున మద్యం అసలే వద్దు. అది కాలేయం చక్కెర విడుదల చెయ్యకుండా అడ్డుకుంటుంది.

చెమట, వణుకు, దడ, ఆకలి, చూపు మసక, అకారణమైన కోపం, తడబాటు కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చిన్నచెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ తాగండి. తగ్గాక అన్నమో, రొట్టో తినండి. అకార్బోజ్ వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు. గ్లూకోజు పొడి దగ్గర ఉంచుకోండి.

స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పొయ్యకండి. పొరమారుతుంది. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఒకసారి ఇలా జరిగిందని మాత్ర మానెయ్యకండి. మీ డాక్టరుకు చెప్పి మోతాదు, వేళ సరిచూపించుకోండి.

"తిండికి ముందా, తర్వాతా?" అని ఇప్పుడెవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పడం మానేశాను. "విస్తట్లో అన్నం పడిందా? అయితే వేసుకోండి" అంటున్నాను. మీ డాక్టరు అంత వివరంగా చెప్పకపోతే మీరే అడగండి. ఆయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నాలాంటివాడే అయి ఉంటాడు, ఒకనాటికి నేర్చుకుంటాడు.