కుంజార్ రాళ్ళ దగ్గర

ఒమన్ దేశానికి ఉత్తరపు కొస ముసందం. మిగతా ఒమన్‌తో దానికి భూమి కలవదు, మధ్యలో యూఏఈ అడ్డం ఉంటుంది. దాని ముఖ్యపట్టణం ఖసబ్. ఆ రేవులో టూరిస్టుల చెక్కపడవ మీద వంట పనీ ఖలాసీ పనీ కలిపి చేసేవాణ్ణి. ఒక ఫిబ్రవరి రాత్రి ఆ పడవ మీద మాకు జరిగింది ఇక్కడ రాస్తున్నాను. మన తీరం నుంచి పడవ పనికని గల్ఫ్ వెళ్ళే కుర్రాళ్ళూ, మస్కట్ నుంచి, దుబాయ్ నుంచి పిల్లాపాపలతో ఆ సముద్రం చూడటానికి వచ్చే మనవాళ్ళూ చదవాలని నా కోరిక.

మాది శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు వైపు ఊరు. మా తీరాన మీసం మొలిచీ మొలవకముందే గుజరాత్‌లోని వేరావల్ రేవుకి రైలెక్కడం మామూలు. నేనూ గుజరాత్ బోట్ల మీద పనిచేసినవాణ్ణే. 2018 నవంబరులో మా వైపు జాలర్లు వేరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌వాళ్ళకి చిక్కారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇళ్ళకొచ్చారు. ఆ ఏడాది పైచిలుకు మా వీధుల్లో ఏడుపు విన్నాక, ఇక నువ్వు వేరావల్ వెళ్ళొద్దురా అని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. అలా ఒమన్ దారి పట్టాను.

ముసందం తీరం అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. కొండలు సముద్రంలోకి నిట్టనిలువుగా దిగుతాయి. కొండల మధ్యకి సముద్రం పాయలు పాయలుగా దూరి ఉంటుంది. వాటిని ఖోర్లు అంటారు. నార్వే దేశపు ఫియార్డ్‌లతో పోలుస్తారు కానీ అక్కడ మంచు కోసిన లోయలు, ఇక్కడ మంచు లేదు. భూమి మెల్లగా కుంగుతూ ఉంటే పాత లోయల్లోకి సముద్రం ఎక్కేసింది. అన్నిటికన్నా పేరున్నది ఖోర్ షమ్, 16 కిలోమీటర్ల దాకా లోపలికి సాగుతుంది. గాలి లేనప్పుడు నీళ్ళు కదలవు. వీపు మీద మూపురం ఉన్న డాల్ఫిన్లు పడవ పక్కనే ఈదుతాయి. మేం ఈలలేసి చప్పట్లు కొడితే పిల్లలు పట్టలేని సంతోషంతో అరిచేవాళ్ళు. తాబేళ్ళు తల పైకెత్తి ఊపిరి తీసుకుని మునిగిపోతాయి. నల్లటి నీటికాకులు రాళ్ళ మీద బారులు తీరి రెక్కలు ఆరబెట్టుకుంటాయి. కొండ అంచున చేపల గద్ద గూడు కనిపిస్తుంది. ఖోర్ లోపల నాలుగైదు చిన్న ఊళ్ళున్నాయి, దేనికీ రోడ్డు లేదు. తాగే నీళ్ళు కూడా పడవ మీదే వెళ్ళాలి.

ఆ ఖోర్ మధ్యలో ఒక చిన్న రాతి దీవి ఉంది. 1864లో బ్రిటిష్‌వాళ్ళు గ్వాదర్ నుంచి గల్ఫ్ అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసినప్పుడు ఆ దీవి మీద స్టేషను పెట్టారు. కొద్ది ఏళ్ళకే దాన్ని వదిలేశారు. గోడల పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. ఇండియా నుంచి లండన్ దాకా మాట మోసిన తీగ పోయిన చోటది. మా పడవలో రేడియో మాత్రం ఆ కొండల చాటుకి వెళ్ళిందంటే గొంతు పెగిలేది కాదు. వీహెచ్ఎఫ్ రేడియో ఎదురుగా ఖాళీ ఉంటేనే పలుకుతుంది, రాయి అడ్డం వస్తే లేదు. ఫోన్ సిగ్నలూ అంతే.

మా పని సంగతి కూడా చెప్పాలి. పగటి పడవలు ఖోర్ షమ్ తిరిగి సాయంత్రానికి ఖసబ్ చేరతాయి. మాది రాత్రుళ్ళు కూడా సముద్రం మీదే ఉండే ప్రయాణం. ఖోర్ దాటి, మేకల దీవి పక్కనుంచి ఉత్తరానికి కుంజార్ దాకా పోయి వచ్చేవాళ్ళం. కుంజార్ కొండ సందులో ఇరుక్కున్న జాలరి ఊరు. రోడ్డు లేదు, పడవే దారి. వాళ్ళ భాష కుంజారీ, అరబ్బీ వచ్చినవాళ్ళకి కూడా అర్థం కాదు. ఎండాకాలం ఖర్జూరం కోతలకి ఊరు ఊరంతా ఖసబ్ తరలిపోతుంది. ఆ ఊరి ముందు ఉన్నది హోర్ముజ్ జలసంధి. ఇరుకైన చోట 33 కిలోమీటర్లు. ప్రపంచం కాల్చే చమురులో ఐదో వంతు ఆ సందులోంచి పోతుంది.

మా నాఖుదా, అంటే పడవ కెప్టెన్, గుజరాత్ సలాయా ఊరివాడు, తాతల నాటి నుంచీ సముద్రం మీద బతికిన ఇంటివాడు. చాచా అని పిలిచేవాణ్ణి. ఇంజను డ్రైవర్ చిట్టగాంగ్ కుర్రాడు. రేడియోకి వేరే బ్యాటరీ కావాలనీ, ట్యాంకు కడిగించాలనీ, ఫిల్టర్లు తెప్పించాలనీ చాచా యజమానికి చెబుతూనే ఉన్నాడు. వచ్చే నెల అనేవాడు యజమాని. సీజను చలికాలం కొద్ది నెలలే. అప్పుడు పడవ ఒక్కరోజు ఒడ్డున కూర్చుంటే డబ్బు పోతుందని అతని లెక్క.

ఆ రోజు పడవలో పదిమంది దాకా ఉన్నారు. అందులో మస్కట్ నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబం ఒకటి: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరకొచ్చిన మామ్మగారు. పొద్దుటినుంచీ ఆవిడ నా చెయ్యి పట్టుకునే మెట్లు దిగుతూ, "మీ అమ్మకి ఫోన్ చేస్తున్నావా నాయనా" అని అడుగుతూనే ఉంది.

కుంజార్ నుంచి మధ్యాహ్నం తిరిగి బయల్దేరాం. చలికాలంలో ఆ సముద్రం మీద వాయవ్యం నుంచి షమాల్ గాలి లేస్తుంది. పొద్దున అయిపూ అజా లేదు, మూడు దాటాక ఒక్కసారిగా విరుచుకుపడింది. చాచా ఆకాశం చూసి ఏమీ అనలేదు, అందరినీ కిందకి దింపి కూర్చోబెట్టమన్నాడు. గంటలో అలలు పడవ ముక్కు మీదుగా వచ్చి పడుతున్నాయి. మేం వండిన అన్నం గిన్నెలు, తివాచీలు, దిండ్లు అన్నీ కలగాపులగం. తాగే నీళ్ళ డ్రమ్ము కట్టు తెగి దొర్లింది, మూత ఊడి నీళ్ళన్నీ పోయాయి. అప్పుడే ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గి ఆగిపోయింది.

ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి పడవ ఊపుకి లేచి ఫిల్టరుకి అడ్డం పడింది. డ్రైవరూ నేనూ ఇంజను గదిలోకి దిగాం. ఆ గది నడుము వంచితేగానీ పట్టదు, డీజిల్ వాసన, కాలుతున్న గొట్టాలు, కింద నీళ్ళు. మారుద్దామంటే కొత్త ఫిల్టరు లేదు. పాతది విప్పి డీజిల్‌లో జాడించి మళ్ళీ బిగించాం. కానీ లైనులో గాలి పట్టింది. స్క్రూ కొంచెం వదులు చేసి చేతిపంపు నొక్కుతూ ఉండాలి. ముందు తెల్లటి నురగ వస్తుంది, నురగ పోయి గాలి బుడగ లేని డీజిల్ కారేదాకా ఆపకూడదు. ఒకడు నొక్కుతుంటే ఒకడు టార్చి పట్టాలి. నురగ పోయిందనుకునేసరికి పడవ ఒరిగేది, మళ్ళీ నురగే. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోయింది. రేడియోకీ అదే బ్యాటరీ. అది పూర్తిగా చచ్చేలోగా చాచా ఆపదలో పిలిచే ఛానెల్ 16 మీద మేడే అని పిలిచి మేం ఎక్కడున్నామో చెప్పాడు. అవతల నుంచి గరగర శబ్దం వచ్చింది. ఎవరైనా విన్నారో లేదో తెలియలేదు.

గాలి మమ్మల్ని కొండ మీదకి తోస్తోంది. చీకటి పడింది. దూరంగా జలసంధిలో ట్యాంకర్ల దీపాలు వరసగా పోతున్నాయి. ఒక్కో ఓడ మా ఊరంత ఉంటుంది, మా చెక్కపడవ వాటికి కనపడదు. ఉన్న రెండు నిప్పుబాణాల్లో ఒకటి వెలగనే లేదు, రెండోది వెలిగి గాలికి అడ్డంగా పోయింది.

చాచా లంగరు వదలమన్నాడు. నేనూ ఇంకో ఖలాసీ వదిలాం. తాడు పోతూనే ఉంది, అడుగు తగల్లేదు. అక్కడ కొండ నీటి పైన ఎలా నిలబడి ఉందో నీటి కింద కూడా అలాగే దిగిపోతుంది. రేవులో కట్టే తాళ్ళన్నీ తెచ్చి ముడేసి పొడుగు చేశాం. రాళ్ళకి అల కొట్టి వెనక్కి చిమ్మిన నీళ్ళు మా మొహాల మీద పడుతున్నాయి, అంత దగ్గరకి వచ్చేశాం. అప్పుడు లంగరు ఎక్కడో రాళ్ళ గుట్టలో పట్టింది. ఒక్క విదిలింపుకి తాడు నా చేతుల్లోంచి గుంజుకుపోయింది, రెండు అరచేతుల తోలూ దానితోనే పోయింది. ఇంకో ఖలాసీ తాడుని దూలానికి చుట్టేసి ఆపాడు. పడవ ముక్కు గాలికి తిరిగి నిలబడింది.

ఆ తాడు పొద్దుటిదాకా ఆగుతుందా అన్నదే ఇక ప్రశ్న. దూలం అంచున ఒరుసుకుపోకుండా గోనెలూ, చిరిగిన తివాచీ ముక్కలూ కింద పెట్టాం. వంతులేసుకుని కూర్చుని తడుముతూ ఉన్నాం. ఒరిసిన చోటు వేడిగా తగిలితే కొంచెం తాడు వదిలి కొత్త చోటికి మార్చేవాళ్ళం. తోలు లేని చేతులకి ఉప్పునీళ్ళు తగులుతుంటే పళ్ళు బిగబట్టుకున్నాను.

లైఫ్ జాకెట్లు బల్లల కింద తాళ్ళ కట్టల వెనకాల ఉన్నాయి. లాగి తీసి అందరికీ తొడిగాం. పిల్లల కొలతవి ఒక్కటీ లేవు. పెద్దవాళ్ళ జాకెట్టు ఆరేళ్ళ పిల్లాడికి వేస్తే వాడు చేతులెత్తగానే తల మీదుగా ఊడి వస్తుంది. వాళ్ళమ్మ తన చున్నీ తీసి నిలువుగా చింపింది. దాన్ని జాకెట్టు వెనకనుంచి కాళ్ళ మధ్యగా తెచ్చి ముందు పట్టీకి ముడేశాను. వేళ్ళు వంగకపోతే ఆవిడే ముడి బిగించింది. రెండో పిల్లకీ అలాగే. తడిసిన ఒంటికి ఆ గాలి కొరికేస్తోంది. టూరిస్టులు కూర్చునే తివాచీల్లో పొడిగా ఉన్నవి ఏరి మామ్మగారికీ పిల్లలకీ చుట్టాం. వాంతులకి అందరి ఒంట్లో నీరూ పోయింది. కెటిల్లో మిగిలిన కహ్వా కాఫీ, ఐసు పెట్టెలో కరిగిన నీళ్ళు, అంతే ఉన్నాయి. మూత మూతగా పంచాను. మామ్మగారు తన వంతు పిల్లలకి ఇచ్చేయబోతే, "మామ్మగారూ, మీరు తాగితేనే నేను తాగుతాను" అన్నాను. తాగింది. "నీ చేతులు చూపించు నాయనా" అని పట్టుకుని, చీర కొంగు చింపి తనే కట్టింది. ఆ తర్వాత ఎవరం ఎక్కువ మాట్లాడుకోలేదు. పిల్లాడు మాత్రం మధ్య మధ్యలో తెల్లారిందా అని అడిగేవాడు.

తెల్లారేసరికి గాలి కొంచెం తగ్గింది. వలలు చూసుకోవడానికి బయల్దేరిన కుంజార్ జాలర్ల ఫైబర్ పడవ ఒకటి కొండ మలుపులో కనిపించింది. తివాచీ ఊపాం. వాళ్ళు మా పక్కకి రాలేదు, ముందు చుట్టూ ఒకసారి తిరిగి అలల తీరు చూశారు. ఆ చూపు నాకు తెలుసు, మా ఊళ్ళో పెద్దవాళ్ళు అలాగే చూస్తారు. తర్వాత ఇంకో పడవని పిలిచారు. అల పైకి లేపిన క్షణం చూసి ఒక్కొక్కరినీ అందుకున్నారు, ముందు పిల్లల్ని, తర్వాత మామ్మగారిని. వాళ్ళలో ముసలాయన నాకు నీళ్ళ సీసా నోటికి పట్టి తాగించాడు, నా చేతులతో పట్టుకోలేనని చూసి. మా పడవని కూడా వదిలేయలేదు. రెండు పడవలూ కలిసి ఈడ్చుకొచ్చాయి. సగం దారిలో కోస్ట్‌గార్డ్ బోటు ఎదురొచ్చింది. రాత్రి మా పిలుపు దారిన పోయే ఓడ ఒకటి విని అందించిందట.

కుంజార్‌వాళ్ళు డబ్బు ముట్టలేదు. ఆ రోజు వాళ్ళ వేట పోయింది, వలలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చాచా ఎంత బతిమాలినా తీసుకోలేదు.

ఆసుపత్రిలో నా చేతులకి కట్లు కట్టారు. పని చేయలేని రోజులకి యజమాని జీతం కోసేశాడు. ఇంజను బాగుచేయించి, సీజను ముగిసేదాకా అదే పడవని అదే రేడియోతో తిప్పాడు. మిగతావి అన్నీ మరిచిపోగలిగాను కానీ ఇది మరిచిపోలేను. ఒమన్‌లో 2021 జనవరి 1 నుంచి కాంట్రాక్టు పూర్తి చేసినవాడు పాత యజమాని ఒప్పుకోలు కాగితం లేకుండానే పని మారవచ్చు. ఆ నియమం నాకు ఉపయోగపడింది. కాంట్రాక్టు అయ్యాక రేడియోకి సొంత బ్యాటరీ ఉన్న పడవ మీద చేరాను.

గల్ఫ్‌లో పడవ పనికి వెళ్ళే తమ్ముళ్ళకి నేను చెప్పేది ఇది. విజిట్ వీసా మీద వెళ్ళకండి. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, లేకపోతే ఇంటివాళ్ళకి ఆ ధీమా ఉండదు. పడవ ఏదైనా సరే, ఎక్కిన మొదటి రోజే రేడియోలో ఛానెల్ 16 మీద ఎలా పిలవాలో నేర్చుకోండి. అది నాఖుదా పని అనుకోవద్దు, నాఖుదాకే దెబ్బ తగలొచ్చు.

చూడటానికి వచ్చే మనవాళ్ళకి ఒక్క మనవి. ముసందం తప్పకుండా చూడండి, అటువంటి సముద్రం నేను మరెక్కడా చూడలేదు. కానీ రేవులో పడవ ఎక్కే ముందు పిల్లల కొలత లైఫ్ జాకెట్లు తీసి చూపించమని అడగండి. రేడియో పెట్టి వినిపించమనండి. చూపించలేకపోతే కట్టిన డబ్బు పోయినా సరే, దిగిపోండి.