ఏ గుమ్మం తొక్కాలి?

మా అశోక్ నగర్‌లో సలహాలకు కరువు లేదు. వీధి పొడుగునా ఉద్యోగ పరీక్షల కోచింగులే. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నే వెళ్ళకపోతే కుర్చీ దొరకదు. ముప్పయ్యేళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన నేను కూడా, అడిగినవారికీ అడగనివారికీ సలహాలిస్తూ కాలక్షేపం చేస్తుంటాను.

మా మేనల్లుడు ఆ గ్రంథాలయంలో చదువుకునే కేంద్ర బలగాలలో ఒకదానిలో కానిస్టేబులయ్యాడు. నిరుడు వాళ్ళ నాన్నకు పక్షవాతం వస్తే సెలవు మీద వచ్చి, గడువు దాటినా నలభై రోజులు ఇక్కడే ఉండిపోయాడు. తిరిగి రమ్మని తాఖీదులు వచ్చాయి. ఆస్పత్రి గొడవలో పడి జవాబు వ్రాయలేదు. అతను లేకుండానే విచారణ ముగిసింది. బర్తరఫ్ ఉత్తర్వు ఇంటికి వచ్చింది.

అక్కయ్య ఆ కాగితం నా చేతిలో పెట్టి, "నీకు తెలియని ఆఫీసు వ్యవహారమా, తమ్ముడూ!" అంది. నాకు రెక్కలొచ్చాయి.

"కొట్టినవాళ్ళకే అప్పీలేమిటి, అక్కయ్యా! ట్రిబ్యునల్ ఉంది, కోర్టు ఉంది. అంతా మొదటినుంచీ విచారిస్తారు" అన్నాను. కాగితాలు పోగుచేయడంలోనే మూడు వారాలు గడిచాయి.

చివరకు నారాయణగూడలో ఉండే వకీలు మిత్రుడి దగ్గరకు వెళ్ళాం. ఆయన ఉత్తర్వు చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. అప్పీలుకు గడువు 30 రోజులు.

"ఇవాళ ఎన్నో రోజు, బాబూ?"

"ఇరవై ఆరండీ."

నా నోట మాట లేదు. ఆయనే చెప్పాడు.

"1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ళ చట్టం సాయుధ బలగాలవారికి వర్తించదు. 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్ సైన్యం, నౌకాదళం, వైమానికదళం వారిది. ఇతనికున్నది హైకోర్టు, రాజ్యాంగం 226వ అధికరణం. 1960లో ఖజూర్ సింగ్ అనే సైనికాధికారి కేసులో, ఢిల్లీ ప్రభుత్వం మీద జమ్మూ కాశ్మీర్ హైకోర్టు రిట్ ఇవ్వజాలదంది సుప్రీంకోర్టు. 1963లో రాజ్యాంగానికి 15వ సవరణ వచ్చాక, వ్యాజ్యకారణంలో కొంతైనా ఇక్కడ పుడితే ఇక్కడే వేయవచ్చు."

"అయితే రేపే వేద్దాం!"

"ఆగండి, మాస్టారూ. అదే 1963లో మన ఆంధ్రప్రదేశ్ కేసు ఒకటుంది. శ్రీరామారావు అనే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు డిస్మిసల్‌ను హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పునే కొట్టేసింది. శాఖా విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదంది. విచారణ పద్ధతి ప్రకారం జరిగిందా, అసలు సాక్ష్యమంటూ ఉందా అని చూస్తుందే గాని, సాక్ష్యాన్ని మళ్ళీ తూచదు. మీ బావగారి జబ్బు, డాక్టరు కాగితాలు ముందు తూచవలసింది అప్పీలు అధికారే. ఆయనకు చెప్పకుండా హైకోర్టుకు వెళితే, అక్కడెందుకు చెప్పలేదని అడుగుతారు."

ఆ రాత్రి అబ్బాయే అప్పీలు వ్రాశాడు. "జవాబు ఇవ్వకపోవడం నా తప్పు" అన్నది మొదటి వాక్యం. కొట్టేయబోయాను.

"ఉండనీ మామయ్యా, అది నిజమే కదా" అన్నాడు.

ఇరవై ఎనిమిదో రోజున పోస్టు చేశాం. జవాబు ఇంకా రాలేదు. ఉద్యోగం తిరిగి వస్తుందా అని అక్కయ్య రోజూ అడుగుతుంది. తెలియదంటున్నాను. ఇప్పుడు ఎవరు కాగితం తెచ్చినా ముందు చివరి వాక్యం చదువుతున్నాను.