దాహము దాచుకొను యాత్రికులు

మాఘమాసమున భీష్మైకాదశినాడు అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామివారి రథము కదలిన మరునాటి నుండి కొన్ని దినముల వరకు, రాజోలు ప్రాంతమున వైద్యము చేయు మా వంటివారి వద్దకు ఒకే తీరు రోగులు వచ్చుచుందురు. వీరిలో అధికులు స్త్రీలు. మూత్రమున మంట, పొత్తికడుపులో పోటు, వణకుతో కూడిన జ్వరము, పిడచకట్టిన నాలుక వారి లక్షణములు. స్వామివారి కల్యాణము కన్నులార చూచితిరా యని అడిగిన మొగము వికసించును. ఆ దినమున మంచినీళ్ళు ఏపాటి త్రాగితిరని అడిగిన మాత్రము తల వంచుకొందురు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థము చూచి వచ్చినవారిలోను, శనివారములు వాడపల్లి వేంకటేశ్వరుని దర్శించినవారిలోను, సెలవులకు దిండి, ఓడలరేవు, ఎస్.యానాం తీరములకు పిల్లాపాపలతో వచ్చినవారిలోను ఇదే వ్యాధిని చిరకాలముగా చూచుచున్నాను. దీనికి హేతువు సూక్ష్మక్రిమి యని వైద్యగ్రంథములు చెప్పును, అది సత్యమే. కాని ఆ క్రిమికి అదను చూపినది, దారి పొడవున ఆడది నిర్భయముగా పోదగిన మరుగుదొడ్డి లేకపోవుట యని చెప్పనిదే నా రోగనిర్ణయము పూర్తి కాదు.

ఒక సాయంకాలము ఒక గర్భిణిని ఆటోలో తీసికొనివచ్చిరి. ఆరవ మాసము. తెల్లవారుజామున బయలుదేరి అప్పనపల్లిలో దర్శనము చేసికొని, అటనుండి సముద్రమునకు పోయి, పొద్దు వాలువరకు ఇసుకలో కూర్చున్నవారు. నడుమునకు కుడి ప్రక్కన చేయి వేయగానే ఆ పిల్ల కెవ్వున అరచినది, ఒళ్ళు కాలిపోవుచున్నది. వెంట వచ్చిన అత్తగారు నొచ్చుకొనుచు, “పొద్దుట్నుంచీ నీళ్ళు తాగవే అని నెత్తీ నోరూ కొట్టుకున్నానండి డాక్టరు గారూ! తాగితే ఎక్కడికెళ్తామత్తయ్యా అంటాదండి. అదీ నిజమే కదండీ, అక్కడ చాటన్నదే లేదండి, ఎటు చూసినా జనమేనండి” అన్నది. ఆ మాటలో నాకు తప్పేమియు కనబడలేదు. గర్భిణికి మూత్రపిండము వరకు ఎగబ్రాకిన క్రిమిదోషము సామాన్యమైనది కాదు. నెలలు నిండకమునుపే నొప్పులు తెప్పింపగలదు. ఆసుపత్రిలో ఉంచి, నరములోనికి మందులెక్కించి, జ్వరము దిగిన పిమ్మటనే ఇంటికి పంపితిమి.

దేహధర్మము నెరిగినచో ఇందు వింత లేదు. మూత్రాశయము మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు నిండునప్పటికి తన వేగమును గట్టిగా తెలుపును. పురుషునికి మూత్రమార్గము సుమారు 20 సెంటీమీటర్ల పొడవుండగా, స్త్రీకి అది 4 సెంటీమీటర్లు మాత్రమే. ప్రేగులయందు నివసించు క్రిమికి ఆ కొద్దిదూరము ప్రాకుట కష్టము కాదు. ప్రకృతి దీనికి విరుగుడుగా మూత్రధారనే ఏర్పరచినది: త్రాగిన నీరు ఎప్పటికప్పుడు వెలువడుచు క్రిములను కడిగివేయును. నీరు త్రాగక, వచ్చిన కొద్దిపాటి దానిని గంటల తరబడి బిగబట్టినయెడల ఆ రక్షణ తొలగిపోవును. సముద్రపుగాలి చల్లగా తోచినను ఉక్కపోతకు చెమట కారుచునే యుండుటచే, శరీరము ఎంత నీరు కోల్పోవుచున్నదో యాత్రికునికి తెలియదు.

ఇంతకన్న నన్ను కలవరపెట్టినది ఒక వృద్ధురాలి కథ. ఆమెకు గుండె బలహీనత. ఊపిరితిత్తులలో నీరు చేరకుండ ఫ్రూసమైడు బిళ్ళ దినమును వేసికొనవలసినది. మనుమలతో తీర్థమునకు పోయి వచ్చిన రాత్రి, పరుండలేక, మంచముకోడు పట్టుకొని కూర్చుండి ఎగశ్వాస విడుచుచుండగా నాకు కబురు వచ్చినది. ప్రాణవాయువు పెట్టి, సూదిమందిచ్చి, తెల్లవారునప్పటికి ఊపిరి కుదుటబడిన పిమ్మట, బిళ్ళ ఎందుకు మానితివమ్మా యని అడిగితిని. “ఆ బిళ్ళేసుకుంటే గంటకోసారి ఒంటికెళ్ళాలండి బాబూ. నలుగురితో వెళ్ళినప్పుడు మాటిమాటికీ ఎక్కడికి తీసుకెళ్తారండి నన్ను? రెండ్రోజులే కదా అని మానేశానండి.” ఇట్లు మానువారు అనేకులు గలరు; చెప్పుకొనరు, అంతే. ప్రయాణమునకు ముందే వైద్యుని అడిగినచో, బిళ్ళను బసకు చేరిన తరువాతి వేళకు మార్చుట వంటి ఉపాయము చెప్పగలడు. మధుమేహులకును, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పెద్దలకును ఈ హెచ్చరిక వర్తించును. బారులో నిలబడి బిగబట్టుకొన్న పెద్దమనిషికి చివరకు చుక్క రాక, బానపొట్ట వలె ఉబ్బిన మూత్రాశయమునకు రబ్బరు గొట్టము వేయుట మాకు క్రొత్త కాదు.

ఈ కోనసీమ అతిథులను ఆదరింపనిది కాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము వండి వడ్డించిన పుణ్యకథ ఇప్పటికిని ఇంటింట చెప్పుకొందురు. గన్నవరము అక్విడక్టు ఆమె పేరు ధరించియున్నది. తీర్థమునకు పోయినవానికి పులిహోర, మజ్జిగ, కొబ్బరిబొండము అడుగడుగున దొరకును. తిన్నవానికి, త్రాగినవానికి తదుపరి అవసరమొకటి కలదని మాత్రము మనము నోరు విప్పి అనుకొనలేదు. 2014లో స్వచ్ఛభారతము మొదలైన పిమ్మట ఊరివానికి ఇంట మరుగుదొడ్డి వచ్చినది. ఊరికి వచ్చినవానికి రాలేదు. పూర్వము చాటునిచ్చిన కొబ్బరితోటలకు కంచెలు పడినవి. పురుషుడు కాలువగట్టుననే పని కానిచ్చుచున్నాడు; అదియు మేలు కాదు, ఏలయనగా ఆ కాలువనీరే చెరువులకెక్కి, వడపోసి, గ్రామములకు త్రాగునీరగుచున్నది. గట్టుపై చేరిన మలము వానకు జారి ఆ నీటిలో కలిసినయెడల సన్నిపాతజ్వరము, కామెర్లు ఏ ఇంట వెలయునో చెప్పజాలము.

ఒకటి రెండు చోట్ల యాత్రికులకు మరుగుదొడ్లు కట్టినవి లేకపోలేదు. ఒక దర్శనీయస్థలమున నేను స్వయముగా చూచితిని: గోడలకు తెల్లని పలకలు, ముందు పెద్ద బోర్డు, తలుపునకు తాళము. తాళపుచెవి గలవాడు భోజనమునకు పోయినాడని ప్రక్క దుకాణమువారు చెప్పిరి. వేరొక చోట తాళము లేదు గాని లోపల గొళ్ళెమును లేదు. ఒక పదేండ్ల పిల్ల తలుపును రెండు చేతులతో బయటినుండి అదిమి పట్టుకొనియుండగా ఆమె తల్లి లోనికి పోయినది. కుళాయిలో నీరు రాక, ఆ పిల్ల చేతిలోని మంచినీళ్ళ సీసాయే లోనికందినది. యాత్రికురాలు ఒకనాటికి ఓర్చుకొని తన ఊరు చేరును. అంతర్వేది రేవున చేపలమ్ముకొను ఆడవారికి, తీరమున మొక్కజొన్నపొత్తులు కాల్చు ముసలమ్మకు ఆ ఓర్పు దినదినమును తప్పదు. రాళ్ళు, క్రిమిదోషము మరల మరల వచ్చుచు, వారు ఏటేట నా వద్దకు అవే చీటీలు పట్టుకొని వచ్చుచుందురు.

ఇది తీరని సమస్య యని నేననుకొనను. 1851లో లండను మహాప్రదర్శనమున జార్జి జెన్నింగ్సు పెన్నీ రుసుముపై జనులకు మరుగుదొడ్లు నడిపెను. మన దేశమున బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థను స్థాపించి, 1974లో పాట్నాలో రుసుముపై నడుచు మరుగుదొడ్డిని తెరచెను. శుభ్రముగా నున్నచో జనులు డబ్బిచ్చి వాడుకొందురని ఆనాడే తేలిపోయినది. అమలాపురము మీదుగా పోవు 216వ జాతీయరహదారిపై పెట్రోలు బంకులు గలవు. అచటి మరుగుదొడ్డిని అడుగుటకు ఆడవారు సంకోచింపరాదని నా వద్దకు వచ్చు ప్రతివారికి చెప్పుచున్నాను.

2015 పుష్కరముల తరువాత గోదావరికి మరల 2027లో పుష్కరములు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ రేవులన్నిటికిని జనము వచ్చును. ఆ దినములకు తెచ్చి నిలిపి, ముగియగానే ఎత్తివేయు రేకుగదులతో తృప్తిపడక, రేవురేవునకు స్థిరమైన మరుగుదొడ్లు కట్టవలెను. స్త్రీలకు ఎక్కువ సమయము పట్టును గావున వారి గదులు పురుషులవానికంటె హెచ్చుగా నుండవలెను. గొళ్ళెము, దీపము, సంచి తగిలించుకొనుటకు కొక్కెము, వృద్ధులు లేచునప్పుడు పట్టుకొనుటకు కడ్డీ ఉండవలెను. కడుగు మనిషికి చేతితొడుగులును, నెలనెల తప్పని జీతమును ఉండవలెను. కొద్ది అడుగులకే నీరూరు ఈ నేలలో ఇంకుడుగుంతను నమ్మినచో బావులు చెడును. నీరు చొరని తొట్టి కట్టి, గదులను వరదమట్టమునకు పైన లేపవలెను. పని మాత్రము వేసవిలో, కాలువలు కట్టివేసిన దినములలోనే మొదలుపెట్టవలెను. వానలు పడి కాలువలు వదలిన పిమ్మట కోనసీమలో త్రవ్విన ప్రతి గొయ్యి నీటిగుంటయే.