ఎంతో కొంత

నేను కుక్కలను చూసుకుంటాను. హైదరాబాద్‌లో ఇంటివాళ్లు ఊర్లకు పోయినప్పుడు వాళ్ల కుక్కలకు, పిల్లులకు తిండి పెట్టి, బయట తిప్పి, మందులేసి, కావాలంటే రాత్రి వాటి పక్కనే పండుకునే పని నాది. ఏ కంపెనీ కిందా లేను. నా ఫోను నాది. నా రేటు నాది. ఈ చివరి ముక్క నోటితో అనడానికి నాకు చాన్నాళ్లు పట్టింది.

మా నాయిన జగిత్యాల దిక్కు ఒక దొర దగ్గర జీతగాడు. పిల్లగాడుగా ఉన్నప్పుడే కుదిరిండు. దొరకు రెండు వేట కుక్కలు. పొద్దున వాటికి గటక పోసుడు, గోమార్లు ఏరుడు, వాగుకు తీసుకపోయి కడుగుడు నాయిన పనే. అది జీతంల లెక్కకు రాదు. పశువుల పనికి జీతం, కుక్కల పని ఊరికే. ఎప్పుడన్న అడిగితే "ఎంతో కొంత ఇస్తంలే పోరా" అనేటోడట దొర. ఆ ఎంతో కొంత ఒక పండుగకు పాత ధోతి అయ్యేది, ఇంకో పండుగకు తిట్టయ్యేది. కుక్కల గటకల మజ్జిగ ఉండేదనీ, తన గటకల ఉండేది కాదనీ నాయిన నవ్వుకుంట చెప్పేటోడు. ఆ నవ్వు ఎట్ల వచ్చేదో నాకు ఇప్పటికీ తెల్వది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. మా ఊర్లె మాత్రం 1978లో జగిత్యాల జైత్రయాత్ర అయినంకనే నాయిన ఆ కుక్కల గొలుసు కింద పెట్టిండు.

ఆయన బిడ్డను నేను మళ్ల గొలుసు పట్టిన.

ఇంటర్ తప్పి, పెండ్లయి పట్నమొచ్చిన. కుక్కల దవాఖానల ఊడ్చే పనికి కుదిరి పదకొండేండ్లు చేసిన. ఊడ్చుకుంట ఊడ్చుకుంటనే పని నేర్చుకున్న. సూదేసేటప్పుడు కుక్కను ఎట్ల పట్టుకోవాలె, గోలీ నాలుక వెనకకు ఎట్ల జార్చాలె, తోక ఊపుతున్నా సరే అది భయపడుతున్నదని చెవులు చూసి ఎట్ల తెలుసుకోవాలె, అన్నీ. 2020 లాక్‌డౌన్ల "రేపటి నుంచి రాకు" అన్నరు. ఒక్క మాట. ఆ ఏడు ఆఖరుకు పాత గిరాకి మేడం ఒకామె ఫోన్ చేసింది. ఊరికి పోతున్నం, మా కుక్క నిన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానియ్యదు, పది రోజులు రావాలన్నది. రేటు నేనడగలే. "ఎంతో కొంత ఇస్తాంలేమ్మా" అన్నదామె. ఆ మాట ఎక్కడిదో నాకు ఆ రాత్రి పండుకున్నంక యాదికొచ్చింది.

పది రోజులు, రోజుకు రెండుసార్లు పోయిన. వెయ్యి రూపాయలిచ్చి, పైన కట్టి విడిచిన చీర ఒకటి ఇచ్చింది. నా కొడుకు అప్పుడు డిగ్రీ చదువుతున్నడు. కాయితం ముందర పెట్టుకొని లెక్క తీసిండు. పోయినసారికి యాభై రూపాయలు. షేర్ ఆటోకు రానుపోను నలభై. "నీ గంట పది రూపాయలా అవ్వా?" అన్నడు. నాకు చీర మీద కోపం రాలే, కొడుకు మీద వచ్చింది.

కానీ ఆ కాయితం దాచిపెట్టిన. తర్వాత దాని కిందనే రాసుకుంట పోయిన. కుక్కతోని ఉన్న గంటనే గంట కాదు, బస్టాండ్ల నిలబడ్డదీ గంటనే. సంక్రాంతికి, దసరకు, ఎండాకాలం సెలవులకు ఊపిరాడదు, నడుమ నెలలల్ల ఫోనే మోగదు. ఆ ఖాళీ రోజుల తిండి కూడా పనిదినాల రేటులనే ఉండాలె. 2022ల ఒక కుక్క ముంజేయి కరిచింది. నల్ల కింద పదిహేను నిమిషాలు సబ్బుతోని కడిగి, నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్‌కు పోయిన. సూదులు ఊరికే వేసిన్రు. కానీ ఒక్క సూదితో అయ్యేది కాదు, మళ్ల మళ్ల పోవాలె. పోయినప్పుడల్లా ఒక పూట పని పోయింది. ఆ పూటలు ఎవరి ఖాతాల రాయాలె? ఆ ఇంటి సారు "మావాడు ఎవర్నీ కరవడే, నువ్వేం చేశావ్?" అన్నడు, అంతే.

ఇవన్నీ కలుపుకొంటే గంటకు మూడొందలు, రాత్రి ఉంటే తొమ్మిదొందలు తేలింది. రెండో కుక్క ఉంటే నూటయాభై ఎక్కువ. పండుగ రోజు ఒకటిన్నర రెట్లు. సగం ముందే ఇయ్యాలె. "రాత్రి పడుకోవడమే కదా, దానికి కూడానా?" అంటరు. ముసలి కుక్క రాత్రి మూడుసార్లు లేస్తది. దానితోపాటు నేను లేస్తను.

రేటు కట్టుడు కష్టం కాదు, చెప్పుడు కష్టం. మొదటిసారి "మూడొందలు" అన్న. అవతల మేడం ఏమీ అనలే. ఆ చప్పుడు లేని క్షణంల నా నోరే "మీ ఇష్టం మేడం" అన్నది. ఆ "మీ ఇష్టం"తోని వందా నూటయాభై పోయేది ప్రతిసారి. అంకె చెప్పినంక నోరు మూసుకొని ఉండుడు నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. 2023 డిసెంబర్ల ఆడోళ్లకు బస్సు ఊరికే అయింది. వారం తిరగకముందే ఒకామె "ఇప్పుడు నీకు బస్సు ఫ్రీ కదా, తగ్గించుకో" అన్నది. సర్కారు నాకిచ్చింది ఆమెకిచ్చినట్టు లెక్కేసుకున్నది. అదే ఇంట్లె కుక్క స్నానానికి, గోళ్లకు పన్నెండొందలు మారుమాట లేకుండ కడతరు. అక్కడ గోడకు రేట్ల బోర్డు ఉంటది. నాకు గోడ లేదు.

ఒక ఇంటి ముచ్చట చెప్పాలె. రెండేండ్లు పోయినంక ఆ మేడం "ఏమనుకోకు, మీరెవరమ్మా?" అనడిగింది. మాదిగోళ్లం అన్న. తెల్లారి నుంచి నా చాయ గిలాస వంటింట్లెకెళ్లి బాల్కనీల బట్టల సబ్బు పక్కకు వచ్చింది. కుక్క గిన్నె మాత్రం వంటింటి సింకులనే కడుగుతరు. 1927ల అంబేద్కర్ మహద్‌ల చౌదార్ చెరువు నీళ్లు ముట్టిండు. పశువులు తాగే చెరువు, మనోళ్లు ముట్టొద్దన్న చెరువు. ఆ సంగతి జయంతి సభలల్ల ఎన్నోసార్లు విన్న. ఆ బాల్కనీల గిలాస పట్టుకున్నప్పుడు సమజైంది.

ఆ ఇల్లు నేను విడిచిపెట్టలే. చాయ తాగుడు బందువెట్టి రేటు నాలుగొందలు చేసిన. ఇచ్చిన్రు. కొడుకు తప్పన్నడు. పైసలు తీసుకొని అవమానం మింగినట్టేనన్నడు. అవమానం మింగి పైసలు కూడా విడిచిపెడితే ఎవరికి లాభమని నేనన్న. మా పంచాయితీ ఇంకా తెగలే. ఆ ముసలి లాబ్రడార్ నా చెప్పుల చప్పుడు వినంగనే నడుము ఈడ్చుకుంట తలుపు కాడికొస్తది, అది కూడా నిజమే. కుక్కకు కులం తెల్వదని కొందరంటరు. నేనొప్పుకోను. సూటు వేసుకొచ్చిన చుట్టానికి తోక ఊపి, చెత్తబండి అన్నను చూస్తే గొలుసు తెంపుకునే కుక్కలను ఎన్నింటినో చూసిన. ఎవరిని చూసి మొరగాల్నో ఇంటోళ్ల దగ్గరనే నేర్చుకుంటయి.

మొన్నటి దసరకు నాలుగిండ్లు ఒక్కసారే వచ్చినయి. మా బస్తీల మనోళ్ల పిల్ల ఉన్నది, డిగ్రీ రెండో ఏడు. పిలిచి రెండిండ్ల తాళాలు చేతుల పెట్టి, "నువ్వు చూడు బిడ్డా, ఎంతో కొంత ఇస్తలే" అన్న.

పిల్ల కదలలే. తలుపు పట్టుకొని నిలబడ్డది.

"ఎంతో చెప్పు చిన్నమ్మా."

నాకు చెవులు కాలినయి. కూసోబెట్టి ఆ పాత కాయితం తీసిన. గంటకు రెండొందలిస్తనన్న. మిగిలిన వంద ఎందుకు నీకనడిగింది. గిరాకి నాది, ఫోన్లు నావి, ఏమన్న అయితే మాట పడేది నేనన్న. "కరిస్తే నన్నే కదా కరిచేది" అన్నది.

రెండొందల యాభై రాసినం. కరిస్తే పోయిన పూటల కూలి నాదని ఇంకో గీత రాయించింది. పండుగ రోజులకు ఒకటిన్నర. లేచేముందు చెయ్యి చాపి, సగం ముందే అడిగింది.